మనుమలకు ఫోన్‌లో పత్తాలాట నేర్పడం ఎలా: చింతగింజలతో మొదలుపెట్టి పోకెమాన్ పాకెట్ దాకా

పత్తాలాట అనగానే మన దిక్కు పెద్దవాళ్లకు ముందు యాదికొచ్చేది చెట్టు కింద రమ్మీ, ఆ తర్వాత పోలీసు జీపు. అందుకే మనుమడు ఫోన్ చూపించి ‘తాతా, ఇది కార్డ్ గేమ్’ అంటే గుండె జల్లుమంటుంది. ఇది ఆ ఆట కాదు. ఇందులో ప్రతి పత్తాకు ఒక బొమ్మ, కొన్ని అంకెలు, ఒక చిన్న నియమం ఉంటాయి. దొరికిన పత్తాల్లోంచి ఎవరి కట్ట వాళ్లు కూర్చుకుని ఆటకు వస్తారు. 1993లో మ్యాజిక్: ద గ్యాదరింగ్‌తో ఈ తరహా మొదలైంది, 1996లో జపాన్‌లో పోకెమాన్ అనే కల్పిత జంతువుల పత్తాలు వచ్చాయి. వాటినే ఫోన్‌కు తగ్గట్టు కుదించి 2024 అక్టోబర్ 30న విడుదల చేసిన ఆట పోకెమాన్ టీసీజీ (ట్రేడింగ్ కార్డ్ గేమ్) పాకెట్. ఇక్కడ చెప్పేదంతా దాన్ని మనుమలకు ఎలా పరిచయం చేయాలనే.

బొమ్మల పత్తాలు మనకు మరీ కొత్తవి కావు. చేత్తో రంగులద్దిన గుండ్రటి గంజీఫా పత్తాలకు నిర్మల్ ఒకప్పుడు పేరు. దశావతార గంజీఫా కట్టలో పది అవతారాలకు 12 చొప్పున 120 పత్తాలు. పోకెమాన్ పాకెట్ కట్టలో 20 మాత్రమే. పిల్లలకు ఇదే ఆట ఎంచుకోవడానికి అది ఒక కారణం. ఒక్కో ఆట మామూలుగా 5 నుంచి 10 నిమిషాల్లో తేలిపోతుంది. రెండో కారణం, ఎదుటివారితో రాతలో మాట్లాడుకునే చాట్ ఇందులో లేదు, కాబట్టి ముక్కూమొహం తెలియనివాళ్లు పిల్లలతో మాట కలిపే దారి ఆటలోపల ఉండదు. మూడోది, డబ్బు పెట్టకుండానే రోజుకు రెండు ప్యాక్‌లు, అంటే కొత్త పత్తాల పొట్లాలు, వస్తాయి.

వయసు సంగతి. పత్తా మీది ఇంగ్లిష్ వాక్యం కూడబలుక్కుని చదవగలిగితే చాలు, అంటే సుమారు ఎనిమిదేళ్లు. అంతకంటే చిన్నవాళ్లు ప్యాక్ చింపి బొమ్మ చూసి మురుస్తారు తప్ప ఆడరు. వాళ్లకు కాగితం ఆట చాలు, ఫోన్ అక్కర్లేదు.

ముందు కొడుకు కోడలికో, బిడ్డ అల్లుడికో ఫోన్ చేయండి

ఆట పేరు చెప్పండి, రోజుకు ఎంతసేపో అడగండి, డబ్బు ఖర్చు పెట్టబోమని చెప్పండి. చెప్పకుండా మొదలుపెడితే సెలవులయ్యాక ఇంటికెళ్లిన పిల్లవాడు ‘తాత ఆడనిచ్చిండు’ అంటాడు. అక్కడి నుంచి ఆ పంచాయితీ మీ మీదికే వస్తుంది. వాళ్లు అరగంట అంటే అరగంటే. ఆ అరగంటను భోజనానికి ముందు పెట్టకండి, మధ్యలో పిలిస్తే ఏ పిల్లవాడూ లేవడు. సాయంత్రం చాయ్ తర్వాత, ఎండ తగ్గి బయటికి పోయేలోపు పెడితే ఆట దానంతట అదే ముగుస్తుంది, వీధిలో దోస్తులు పిలుస్తారు కాబట్టి.

మొదటి మూడు రోజులు ఫోన్ తీయొద్దు

ఇది చాలామంది దాటేసే మెట్టు, అన్నిటికంటే పనికొచ్చేదీ ఇదే. ఫోన్‌లో లెక్కలన్నీ ఆటే చేసేస్తుంది. పిల్లవాడు మెరిసేదాన్ని నొక్కుతూ పోతాడు, గెలిచినా ఓడినా ఎందుకో తెలియదు. అదే ఆటను నేల మీద, చేత్తో లెక్కపెడుతూ పది సార్లు ఆడితే ఫోన్‌లోకి వెళ్లేసరికి ప్రతి అంకె అర్థమవుతుంది.

కావాల్సినవి: ఇంట్లో మిగిలిపోయిన లగ్గం పత్రికలు పది పన్నెండు, కత్తెర, స్కెచ్ పెన్ను, చింతగింజలు 20, మక్కగింజలు గుప్పెడు, ఒక రూపాయి బిళ్ల. పత్రికలన్నీ ఒకే పెళ్లివి అయి ఉండాలి. తలా ఒక ఇంటి పత్రిక తెచ్చి కత్తిరిస్తే వెనుక వైపు డిజైన్ చూసి ఏ పత్తా ఏదో పిల్లలు రెండో ఆటకే కనిపెట్టేస్తారు. వెనుక అచ్చు ఉంటే తెల్లకాగితం అంటించండి. వినాయకుడి బొమ్మ ఉన్న ముక్క కత్తిరించకుండా పక్కన పెట్టండి, లేకపోతే నానమ్మ ఊరుకోదు. ఒక్కో ముక్క సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల పొడవు. మొత్తం 40 ముక్కలు, రెండు కట్టలు.

ఒక్కో కట్టలో 20 ఇలా రాయించండి. రాసేది, బొమ్మ వేసేది పిల్లలే.

చిన్న జంతువులు నాలుగు రకాలు, రకానికి రెండు, మొత్తం 8. ప్రాణం 60, దెబ్బ 20, దానికి 1 చింతగింజ. వాటిలో మూడు రకాలకు పెద్ద రూపం, రెండేసి, మొత్తం 6. ప్రాణం 100, దెబ్బ 50, దానికి 2 గింజలు. మిగతా 6 సాయం పత్తాలు: ‘రెండు పత్తాలు తీసుకో’ 2, ‘20 ప్రాణం పెంచుకో’ 2, ‘ఎదుటివారి ముందున్న పత్తాను వెనక్కి పంపించు’ 2. ఈ మూడు సాయాలూ అసలు ఆటలో ప్రొఫెసర్స్ రీసెర్చ్, పోషన్, సబ్రీనా అనే పత్తాలు చేసే పనే. రేపు ఫోన్‌లో చూసినప్పుడు పిల్లలు ఇట్టే గుర్తుపడతారు. జంతువుల పేర్లు వాళ్ల ఇష్టం. పాలపిట్ట, జింక, పులి, ఎలుగు, ఆఖరికి పక్కింటి కుక్క అయినా సరే.

నియమాలు అసలు ఆటవే:

పత్తాలు కలిపి తలా 5 తీసుకోవాలి. చేతిలో ఒక్క చిన్న జంతువైనా లేకపోతే మళ్లీ కలిపి తీయాలి. ఒకదాన్ని ముందు నిలబెట్టాలి, వెనుక బెంచి మీద 3 దాకా పెట్టుకోవచ్చు. బిళ్ల ఎగరేసి, బొమ్మ పడ్డవాళ్లు ముందు ఆడతారు. తన వంతు వచ్చినప్పుడు ఒక పత్తా తీయాలి, ఒక చింతగింజను తన జంతువుల్లో ఏదో ఒకదాని మీద పెట్టాలి. ముందు ఆడేవారికి మొదటి వంతులో మాత్రం గింజ ఉండదు. ముందు ఆడే లాభానికి అది తూకం. ఈ వంతులో గింజ పెట్టడం మరిచిపోతే వచ్చే వంతులో రెండు రావు. పెద్ద రూపాన్ని అదే వంతులో దించిన చిన్నదాని మీద వేయకూడదు, కనీసం ఒక వంతు ఆగాలి. తమ తమ మొదటి వంతులో అసలే వేయకూడదు. దెబ్బ కొడితే వంతు అయిపోయినట్టే. దెబ్బకు 10కి ఒకటి చొప్పున మక్కగింజలు ఆ పత్తా మీద పెట్టాలి. ప్రాణం అయిపోయిన పత్తా, దాని మీది చింతగింజలతో సహా పక్కకు పోతుంది, కొట్టినవారికి ఒక పాయింటు. ముందు 3 పాయింట్లు తెచ్చుకున్నవారిదే ఆట. ఎదుటివారికి నిలబెట్టడానికి ఒక్క జంతువూ మిగలకపోయినా ఆట మీదే.

నేర్పాల్సిన అసలు కిటుకు ఒక్కటే, అది చింతగింజ ఎక్కడ పెట్టాలన్నది. పిల్లలు ఎప్పుడూ ముందున్నదాని మీదే పెడతారు. ఒక ఉదాహరణ వేసి చూపించండి. మనుమరాలి ముందు 60 ప్రాణం జింక ఉంది, దాని మీద ఇప్పటికే నాలుగు మక్కగింజలు, అంటే 40 పోయింది. ఎదుటి పత్తా 20 కొడుతుంది. అంటే వచ్చే దెబ్బకు జింక పోతుంది. జింక మీద ఒక చింతగింజ ఉంది, అది ఈ వంతులో 20 కొట్టడానికి సరిపోతుంది. ఇప్పుడు చేతికొచ్చిన కొత్త గింజ ఎక్కడ పెట్టాలి? జింక మీద పెడితే జింకతో పాటు రెండు గింజలూ పోతాయి. వెనుక బెంచి మీది పులి మీద పెడితే, జింక ఉన్న గింజతో ఆఖరి దెబ్బ కొట్టి పోతుంది, పులి ముందుకొచ్చేసరికి ఒక గింజతో వస్తుంది. తర్వాతి వంతులో పెద్ద పులి పత్తా వేసి, ఇంకో గింజ పెడితే 50 కొడుతుంది. ఇది ఒకసారి తలకెక్కితే ఆట సగం వచ్చినట్టే.

మొదటి రోజు ఇంతే. బలహీనత అనే నియమం రెండో రోజు కలపండి. అసలు ఆటలో ఆకు జాతికి నిప్పు పడదు, నిప్పుకు నీళ్లు పడవు, నీళ్లలో చాలావాటికి మెరుపు పడదు. పడని జాతి కొడితే దెబ్బకు 20 అదనం. ఒక కట్టకు నిప్పు అని, ఇంకోదానికి నీళ్లు అని రాస్తే నీళ్లవాళ్లే ఎక్కువ గెలుస్తారు, కాబట్టి ప్రతి ఆటకూ కట్టలు మార్చుకోండి. అలిగే పిల్లలుంటే ఈ మార్పిడి తప్పనిసరి.

రమ్మీ ఆడినవాళ్లకు ఇక్కడ ఒక పని ఉంది. పోయిన పత్తాలు గుర్తుపెట్టుకోవడం మీకు అలవాటే, అది పిల్లలకు నేర్పండి. 20లో ఏ పత్తా అయినా రెండే. ‘నీ పెద్ద పులి ఒకటి పోయింది, ఇంకోటి ఇంకా రాలేదు, కట్టలో ఆరు మిగిలాయి’ అని గట్టిగా అంటూ ఆడండి. మామూలు పత్తాల కట్టలోంచి రెండు ఆసులు, ఇంకో 18 తీసి కలిపి, 5 చొప్పున తీయించి కాగితం మీద టిక్ పెట్టించండి. కనీసం ఒక ఆసు వచ్చేది నూటికి దాదాపు 45 సార్లు. ఇరవై సార్లు తీస్తే తొమ్మిది దగ్గర తేలుతుంది, లేదా ఆరో పన్నెండో. ఆ తేడా ఎందుకు వస్తుందో మాట్లాడుకోవడం బళ్లో లెక్కల పీరియడ్ కంటే బాగుంటుంది.

ఫోన్ సిద్ధం చేయడం

ఆటకు నెట్ ఎప్పుడూ ఉండాలి. కొత్త సెట్ (పత్తాల కొత్త విడత) వచ్చినప్పుడల్లా డౌన్‌లోడ్ పెద్దగానే ఉంటుంది కాబట్టి వైఫై ఉన్నచోట చేయండి. ఊళ్లో సిగ్నల్ ఒక గదిలో ఉండి ఇంకో గదిలో లేకపోతే, సిగ్నల్ ఉన్న గదిలోనే ఆడించండి. ఆట మధ్యలో నెట్ పోతే వంతు గడియారం ఆగదు, గెలిచే ఆట పోతుంది, ఏడుపు మొదలవుతుంది.

మే నెలలో వరంగల్ ఎండకు ఫోన్ తానే కాలుతుంటుంది. ఛార్జింగ్ పెట్టి ఆడనివ్వకండి, వెనుక కవరు తీసేయండి. కూలర్ గాలికి ఎదురుగా కూర్చోవచ్చు, తడి తగిలేంత దగ్గరగా వద్దు.

ఆట మొదటిసారి తెరిస్తే దేశం, పుట్టిన తేదీ అడుగుతుంది. నిజమైనవే ఇవ్వండి. భాషల్లో తెలుగు లేదు, ఇంగ్లిష్ పెట్టుకోవాలి. దాన్ని లోటు అనుకోకండి. ‘నా కండ్లకు ఆనడం లేదు బిడ్డా, ఏం రాసుందో చదివి తెలుగులో చెప్పు’ అనండి. చదవడానికి బద్ధకించే పిల్లలు కూడా పత్తా మీది వాక్యం మాత్రం చదువుతారు, ఎందుకంటే గెలుపు దాని మీదే ఉంది.

తర్వాత వెంటనే చేయాల్సింది అకౌంట్‌ను గూగుల్, యాపిల్ లేదా నింటెండో అకౌంట్‌తో కలపడం. మెనూలో అకౌంట్ అనే చోట ఉంటుంది. ఇది చేయకుండా రెండు నెలలు ఆడి, ఫోన్ మార్చినా, యాప్ తీసేసినా పత్తాలన్నీ పోయినట్టే. ఎవరి అకౌంట్‌తో కలపాలి? తాతది కాదు, పిల్లల అమ్మదో నాన్నదో. సెలవులయ్యాక ఆట వాళ్ల ఇంటికి పోవాలి కదా.

ఫోన్ ఇచ్చేముందు యాప్ పిన్నింగ్ వేయండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద ఉంటుంది. ఐఫోన్‌లో దాన్ని గైడెడ్ యాక్సెస్ అంటారు. దీంతో పిల్లలు ఆట దాటి వాట్సాప్‌లోకో యూట్యూబ్‌లోకో పోలేరు. మీ బంధువుల గ్రూపులోకి అర్ధరాత్రి పికాచు బొమ్మలు పోవడం ఆగుతుంది.

డబ్బు దగ్గర మూడు తాళాలు

ఈ ఆటలో పందెం లేదు, గెలిస్తే రూపాయి రాదు. డబ్బు పందెం ఆటలను తెలంగాణ 2017లోనే కట్టడి చేసింది, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఈ ఆట ఆ కోవలోది కాదు. కానీ ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ప్యాక్ తెరిచేటప్పుడు ‘ఈసారి వస్తదేమో’ అనే దురద మాత్రం లాటరీ టికెట్ దురదే. అందుకే ఈ తాళాలు.

మొదటిది, ప్లే స్టోర్‌లో మీ ఫొటో నొక్కి, సెట్టింగ్స్‌లో పర్చేజ్ వెరిఫికేషన్‌ను ‘ఎప్పుడూ’ అని పెట్టండి. పిల్లల సొంత ఫోన్ అయితే ఫ్యామిలీ లింక్‌లో అన్ని కొనుగోళ్లకూ పెద్దల అనుమతి పెట్టాలి.

రెండోది, ప్లే స్టోర్‌లో దాచిన కార్డు, యూపీఐ ఉంటే తీసేయండి. యూపీఐకి పిన్ కావాలి కదా అనుకుంటారు. మీరు కిరాణా కొట్టు దగ్గర పిన్ కొడుతుంటే పక్కన నిల్చున్న మనుమడు చూడలేదనుకుంటున్నారా?

మూడోది ప్రీమియం పాస్. ఆటలో ‘రెండు వారాలు ఉచితం’ అని కనిపిస్తుంది. రోజుకు ఒక ప్యాక్ అదనంగా ఇస్తుంది. ఒప్పుకుంటే ఆ రెండు వారాల తర్వాత నెలనెలా డబ్బు పోతుంది. యూపీఐ ఆటోపే ఒకసారి ఒప్పుకున్నాక ప్రతి నెలా పిన్ అడగదు. యాప్ తీసేస్తే చందా ఆగదు. ప్లే స్టోర్‌లో పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి పోయి రద్దు చేయాలి, మీ యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా కూడా ఒకసారి చూసుకోవాలి.

ఎవరైనా ‘ఉచితంగా ప్యాక్‌లు ఇస్తాం’, ‘అకౌంట్ అమ్ముతాం’ అని లింకు పంపితే అది మోసమే. పిల్లలు నొక్కి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్యాక్‌ల లెక్క

ఒక ప్యాక్‌లో మామూలుగా 5 పత్తాలు. 12 గంటలకు ఒక ఉచిత ప్యాక్ తయారవుతుంది, రెండు దాకా నిల్వ ఉంటుంది, ఆ తర్వాత గడియారం ఆగిపోతుంది. అంటే పొద్దున్నే లేచి ఫోన్ అడగాల్సిన పని లేదు. రోజూ ఒకే సమయానికి, చాయ్ తర్వాత, రెండూ ఒకేసారి తెరిస్తే దాదాపు ఏమీ పోదు. ఇద్దరు మనుమలు ఒకే అకౌంట్ ఆడుతుంటే తలా ఒకటి తెరుస్తారు. ఎవరి వేలికి ఏం వచ్చిందన్న పంచాయితీ మాత్రం తప్పదు.

ఏది ఎంత అరుదో ఆటే అంకెలతో చూపిస్తుంది, ప్యాక్ తెరిచే చోట ఆ పట్టిక ఉంటుంది. తొలి సెట్ జెనెటిక్ ఏపెక్స్ లెక్క చూడండి. ఈఎక్స్ అనే బలమైన పత్తా, అంటే నాలుగు వజ్రాల గుర్తుది, నాలుగో పత్తాగా వచ్చే అవకాశం 1.666 శాతం, అయిదో పత్తాగా 6.664 శాతం. కలిపి చూస్తే దాదాపు 12 ప్యాక్‌లకు ఒకటి. బంగారు కిరీటం గుర్తు ఉన్నదైతే 0.04, 0.16 శాతం, అంటే 500 ప్యాక్‌లకు ఒకటి. ఈ లెక్క పిల్లలతోనే వేయించండి. రోజుకు రెండు చొప్పున 500 ప్యాక్‌లు ఎన్నాళ్లు? 250 రోజులు. కిరీటం కోసం ఏడ్చేవాళ్లు ఆ అంకె చూశాక కొంత చల్లబడతారు.

అదృష్టం లేకపోయినా ఒక దారి ఉంది. తెరిచిన ప్రతి ప్యాక్‌కూ 5 ప్యాక్ పాయింట్లు వస్తాయి. నాలుగు వజ్రాల ఈఎక్స్ పత్తాకు 500 పాయింట్లు, ఒక వజ్రం పత్తాకు 35. ఉచిత ప్యాక్‌లతోనే 500 చేరడానికి 100 ప్యాక్‌లు, అంటే 50 రోజులు. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు దాదాపు అంతే. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఆ పాయింట్లు ఆ సెట్‌లోనే చెల్లుతాయి. ఈరోజు ఒక సెట్, రేపు ఇంకో సెట్ తెరుస్తూ పోతే పాయింట్లు చెదిరిపోయి ఎందులోనూ 500 కావు. సెలవులు మొదలైన రోజు పిల్లలను కూర్చోబెట్టి ఒకే సెట్ ఎంచుకొమ్మనండి, సెలవులయ్యేదాకా దాన్నే తెరవాలి.

వండర్ పిక్ అని ఒకటుంది. వేరేవాళ్లకు వచ్చిన అయిదు పత్తాలు చూపించి, బోర్లించి కలిపి, ఒకటి ఎంచుకోమంటుంది. కళ్లతో వెంబడించి పట్టుకోవచ్చని పిల్లలు నమ్ముతారు, అదంతా ఉత్త అదృష్టమే. ఆడనివ్వండి, కానీ కిటుకు ఉందని ఒప్పుకోకండి.

మొదటి కట్ట కూర్చడం

కంప్యూటర్‌తో ఆడే సోలో ఆటలు సులభం నుంచి కష్టం దాకా వరుసగా ఉంటాయి. మొదటి వారం వాటితోనే గడపండి, అద్దెకిచ్చే తయారు డెక్‌లు వాడండి. ఆటో అనే మీట ఉంటుంది, ఆట తనంతట తానే ఆడుకుంటుంది. దాన్ని నొక్కొద్దని మొదటి రోజే చెప్పాలి. మొదటి వారంలో నొక్కితే రెండో వారంలో ఆట రాదు.

సొంత కట్ట కూర్చేటప్పుడు పిల్లలు ఎప్పుడూ మెరిసేవన్నీ పోగేస్తారు. నిప్పు ఒకటి, నీళ్లు ఒకటి, మెరుపు ఒకటి. ఎనర్జీ అంటే కాగితం ఆటలోని చింతగింజే. మూడు రకాల ఎనర్జీ పెడితే వంతు వంతుకూ ఏ రకం వస్తుందో తెలియదు, కావాల్సింది రాక చేతులు ముడుచుకుని కూర్చుంటారు. ఒకే ఎనర్జీ అన్నది మొదటి నియమం. రెండోది, మూడు మెట్లు ఎక్కే పోకెమాన్ కుటుంబం ఒక్కటే, చార్మాండర్ 2, చార్మీలియన్ 2, చారిజార్డ్ ఈఎక్స్ 2 లాగా. రెండు కుటుంబాలు పెడితే చేతిలో అన్నీ పెద్దవే వచ్చి కింది మెట్టు ఉండదు. మూడోది, ప్రొఫెసర్స్ రీసెర్చ్ 2, పోకే బాల్ 2 ప్రతి కట్టలోనూ ఉండాలి. ఒకటి రెండు పత్తాలు ఇస్తుంది, ఇంకోటి కట్టలోంచి ఒక చిన్న పోకెమాన్‌ను తెస్తుంది. వీటిని ఆటలో దొరికే షాప్ టికెట్లతోనే తీసుకోవచ్చు. ప్రొఫెసర్ లాంటి సపోర్టర్ పత్తాలు వంతుకు ఒకటే ఆడాలి, పోకే బాల్ లాంటి వస్తువులకు ఆ హద్దు లేదు. పిల్లలు ఈ తేడా కలగాపులగం చేసుకుంటారు.

మొదటిసారికి మెరుపు కట్ట మంచిది, తొలి సెట్‌లోని పికాచు ఈఎక్స్ దొరికితే మరీ. దాని ప్రాణం 120. రెండు మెరుపు ఎనర్జీలు పెడితే బెంచి మీద ఉన్న ఒక్కో మెరుపు పోకెమాన్‌కు 30 చొప్పున కొడుతుంది. బెంచి నిండుగా మూడుంటే 90. ఎదుట 180 ప్రాణం ఉన్న చారిజార్డ్ ఈఎక్స్ ఉందనుకోండి, సరిగ్గా రెండు దెబ్బలు. బెంచి మీద ఒకటి తగ్గితే 60, అప్పుడు మూడు దెబ్బలు. చారిజార్డ్‌కు తన 200 దెబ్బ కొట్టడానికి నాలుగు ఎనర్జీలు కావాలి, కొట్టాక రెండు పోతాయి. ఆ నాలుగు చేరేలోపు పని ముగించాలి. అంటే బెంచి మూడో స్థానం ఖాళీగా ఉండటానికి ధర ఒక పూర్తి వంతు. కాగితం ఆటలో చింతగింజ గురించి చెప్పినట్టే, ఇక్కడ ‘బెంచి నిండిందా?’ అని ప్రతి వంతుకూ అడగండి, నాలుగో రోజుకు వాళ్లే మిమ్మల్ని అడుగుతారు.

ఈఎక్స్ పత్తా పోతే ఎదుటివారికి ఒకటి కాదు, రెండు పాయింట్లు. రెండు ఈఎక్స్‌లు పోతే ఆట అయిపోయినట్టే. 2025 అక్టోబర్‌లో వచ్చిన మెగా ఈఎక్స్‌లకైతే ఒక్కదానికే మూడు. అందుకే ముందు చిన్నవాటిని నిలబెట్టి, పెద్దదాన్ని వెనుక పెంచి తేవడం.

ఎక్కడ తప్పుతుంది

ఇద్దరు పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు ఫోన్ లాక్కుంటుంటే, కాగితం కట్టలకు తిరిగి వెళ్లండి. ఫోన్ ప్యాక్‌లు తెరవడానికే అని కొన్నాళ్లు చెప్పండి.

వరుసగా మూడు ఆటలు ఓడితే ఆపేయాలి. నాలుగోది ఎప్పుడూ కోపంతో ఆడతారు. ఓడిన ఆటలో ‘ఏ వంతులో తేడా కొట్టింది?’ అని ఒక్క ప్రశ్న అడిగి వదిలేయండి, పాఠం చెప్పకండి. ఆటలో పారిపోయినట్టు మధ్యలో యాప్ మూసేసే అలవాటు రానివ్వొద్దు. ఆగిపోవాలంటే ఓటమి ఒప్పుకునే మీట ఉంది.

ఫ్యాన్సీ స్టోర్లలో అమ్మే బంగారు రంగు పోకెమాన్ పత్తాలు కొనిపెట్టమని గొడవ చేస్తారు. అవి చాలావరకు నకిలీవి, అంకెలు పిచ్చిపిచ్చిగా ఉంటాయి, బొమ్మలు చూసుకోవడానికి తప్ప ఆటకు పనికిరావు. అసలు కాగితం ఆటలోనైతే కట్టకు 60 పత్తాలు, పాయింట్లకు బదులు ఆరు బహుమతి పత్తాలు. ఫోన్ ఆటకూ దానికీ నియమాలు వేరు, రెండూ కలిపితే పిల్లలు తికమకపడతారు.

పత్తాల మార్పిడి స్నేహితుల మధ్య జరుగుతుంది, ఒకే స్థాయి అరుదు ఉన్నవాటికే. అన్న తమ్ముణ్ని బుజ్జగించి మంచి పత్తా తీసేసుకోవడం దీంట్లో మామూలే. పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే మార్పిడి అని నియమం పెట్టండి.

పిల్లలు బస్సెక్కే ముందు

అకౌంట్ అమ్మానాన్నల ఫోన్‌లో తెరుచుకుంటోందో లేదో అక్కడే చూడండి. మీ ఫోన్‌లో మీరు సొంతంగా ఇంకో అకౌంట్ మొదలుపెట్టండి. సిగ్గుపడాల్సిన పని లేదు, నెల రోజులు చూశాక మీకూ వచ్చేసి ఉంటుంది. ఒక్కొక్కరి ఫ్రెండ్ కోడ్ 16 అంకెలు, డైరీలో రాసుకోండి. ఆ తర్వాత ప్రైవేట్ మ్యాచ్‌లో ఇద్దరూ ఒకే పాస్‌వర్డ్ కొడితే ఎక్కడున్నా నేరుగా ఆడుకోవచ్చు, వేరేవాళ్లు రారు. మాట్లాడుకోవడానికి పక్కన ఇంకో ఫోన్‌లో వాట్సాప్ కాల్ పెట్టుకోవాలి.

మనుమలు డాలస్‌లో ఉంటే ఆదివారం పొద్దున 7:30కి హనుమకొండలో మీరు చాయ్ తాగుతున్నప్పుడు వాళ్లకు వేసవిలో శనివారం రాత్రి 9 అవుతుంది. చలికాలంలో అక్కడ గడియారం గంట వెనక్కి జరుగుతుంది కాబట్టి 8. ఆ పూట ఇద్దరికీ కుదురుతుంది, మరుసటి రోజు బడి ఉండదు. రెండు ఆటలు చాలు, మూడోది వాళ్లమ్మ ఒప్పుకోదు.

లగ్గం పత్రికల కట్టలు పారేయకండి. రబ్బరు బ్యాండు వేసి, చింతగింజలతో కలిపి ఖాళీ స్వీటు డబ్బాలో పెట్టండి. మక్కగింజలు మాత్రం అందులో పెట్టొద్దు, దసరా సెలవులకు పిల్లలు వచ్చేసరికి పురుగు పడుతుంది.